ఇనుప టోపీలో చారు

కంచంలో అన్నం చల్లారిందని ఇంట్లోవాళ్ళ మీద విరుచుకుపడేవాడా, నీతోనే చెబుతున్నాను. పిలిచినప్పుడు లేచి రాలేదు. వడ్డించినప్పుడు తినలేదు. పక్కన కూర్చుని తినవలసినవాళ్ళను ఏదో ఒక వంక పెట్టి నువ్వే లేపి పంపేశావు. ఇప్పుడు చల్లారిందని ఎవరిని తిడతావు? నోరు మూసుకుని కూర్చుని విను. నీకన్నా పెద్ద కంచంలో తిన్నవాడి సంగతి ఇది.

జపాను దేశంలో కొండకొక కోట, కోటకొక దొర ఉన్న కాలం. కురోసె తదకగె అనే సమురాయి ప్రభువు ఒకనాటి ఉదయం గుర్రం దిగి, మంచులో నడుచుకుంటూ కొండ మీది జెన్ బౌద్ధ మఠానికి వచ్చాడు. పరివారం వెనక ఆగింది. మఠం గురువు ఎత్సుదో ముంగిట్లో మంచు ఊడుస్తున్నాడు.

"స్వామీ, ఒక మనిషిని చంపాలో వద్దో తేలడం లేదు" అన్నాడు తదకగె.

"ఇంతకుముందు చాలామందిని చంపావు. వాళ్ళ గురించి ఎప్పుడూ అడగలేదే!"

"ఈసారి మగొరొకు."

గురువు చీపురు గోడకు ఆనించాడు.

మగొరొకు ఎవరో గురువుకు తెలుసు. నీకు చెప్పాలి.

తదకగె పుట్టుకతో ప్రభువు కాడు. అతనూ మగొరొకూ ఒకే ఊరి రైతు బిడ్డలు. పంటలు పోయి, పొట్ట చేతపట్టుకుని సైన్యంలో కాలిబంట్లుగా చేరారు. ఆ కాలపు కాలిబంట్లు చేమకాడలను మిసో అనే పులిసిన సోయా ముద్దతో ఉడకబెట్టి, ఎండబెట్టి, తాడుగా పేని నడుముకు కట్టుకునేవాళ్ళు. మూట కట్టడానికీ అదే తాడు, ఆకలేస్తే అదే తిండి. ఒక ముక్క కోసి మరుగుతున్న నీళ్ళలో వేస్తే చారు. గిన్నె ఎక్కడిదంటావా? నెత్తిన ఉన్న ఇనుప టోపీయే. తిరగేసి మంట మీద పెట్టేవాళ్ళు.

ఒక యుద్ధంలో తూటా తగిలి తదకగె టోపీకి చిల్లి పడింది. తల దక్కింది గానీ గిన్నె పోయింది. అప్పటినుంచి ఇద్దరికీ మగొరొకు టోపీయే గిన్నె. ఇతనొక గుక్క, అతనొక గుక్క. ముందు ఎవరు తాగాలని ఎప్పుడూ అనుకోలేదు. ఎవరి చేతికి అందితే వాళ్ళు తాగారు.

ఒక చలికాలం వాళ్ళ సైన్యం ఓడిపోయింది. గాయపడిన తదకగెను మగొరొకు వీపున మోసుకుని ఈ మఠానికే తెచ్చాడు. ఎత్సుదో ఇద్దరినీ కట్టెల కొట్టంలో దాచాడు. గాయం మానేలోపల తదకగె ఆయన దగ్గర ధ్యానంలో కూర్చోవడం, ఊపిరి గమనించడం నేర్చుకున్నాడు. శిష్యుడయ్యాడు. వెళ్ళేటప్పుడు మగొరొకు తన టోపీ తీసి గురువు ముందు పెట్టాడు.

"మా దగ్గర ఇచ్చుకోవడానికి ఇంతకన్నా ఏమీ లేదు స్వామీ. కొంచెం మసి పట్టింది, ఏమనుకోకండి."

తర్వాత తదకగె దశ తిరిగింది. శత్రువు కోటగోడ అందరికన్నా ముందు ఎక్కినవాడు అతనే. గుర్రం వచ్చింది, దళం వచ్చింది, ఇంటిపేరు వచ్చింది. ముసలి ప్రభువు పోయి కొడుకులిద్దరూ కొట్టుకుంటుంటే, ఇద్దరినీ బయటికి నెట్టి కోట తలుపులు వేసుకున్నాడు. కూలుతున్న ఇంట్లోంచి దూలం లాక్కున్నట్టు లాక్కున్నాడు.

యజమాని ఇంటిని మింగినవాడికి, తన ఇంట్లో ఎటు చూసినా నోళ్ళే కనిపిస్తాయి.

తన గదికి వచ్చే నడవాలో, పాదం మోపితే పిట్టల్లా కిచకిచలాడే చెక్కనేల వేయించాడు. దొంగచాటుగా ఎవరూ రాకూడదని. వంటిల్లు మొదలుకొని తన గది దాకా ముగ్గురు రుచి చూసేవాళ్ళను పెట్టాడు. మొదటివాడు తిని, కూర్చుని, బతికే ఉన్నాడని తేలాక రెండోవాడు. వాడు బతికాక మూడోవాడు. ఆ తర్వాతే ప్రభువు. పొగలు కక్కుతూ బయలుదేరిన అన్నం అతని ముందుకు వచ్చేసరికి రాయిలా ఉండేది. చారు మీద తెట్టు కట్టేది. వంటవాళ్ళను మార్చాడు. మళ్ళీ మార్చాడు. రుచి రాలేదు.

వీళ్ళను దాటి ప్రభువుకు చేతితో తిండి ఇచ్చినవాడికి మరణమే శిక్ష అని ఒక చట్టం కూడా చేశాడు. ఎవరూ చేయమనలేదు. అతనే చేశాడు.

మగొరొకు మాత్రం మారలేదు. కోటకు ఉత్తరాన కొండల మధ్య ఇరుకుదారి ఉంది. శత్రువు రావాలంటే అదొక్కటే దారి. అక్కడ కాపలా దళానికి నాయకుడుగా ఉండి, బంట్లతోపాటే తిని, వాళ్ళ మధ్యే పడుకునేవాడు. ఈ కొత్త సంవత్సరం పండగకు కోటకు వచ్చాడు. వచ్చినవాడు తిన్నగా ఉన్నాడా? కోట వంటింట్లో దూరాడు. కాసేపటికి నడవాలో చెక్కనేల గోలగోలగా కూసింది. గుడ్డ చుట్టిన మట్టికుండ రెండు చేతులా పట్టుకుని మగొరొకు భోజనాల గదిలోకి వచ్చేశాడు.

"ఏరా తదా! నీ చారు వంటింట్లో పడుచుగా బయలుదేరి, నీ దగ్గరికి వచ్చేసరికి ముసలిదైపోతోందట కదా! ఇదిగో, కాలుతుండగా తాగు. మన పాత తాడే."

గదిలో ఒక్కరూ నవ్వలేదు. తదకగె ముఖానికి ఆవిరి తగిలింది. మిసో వాసన, కట్టెల పొగ వాసన. అతని చేతులు వాటంతట అవే ముందుకు చాచుకున్నాయి.

"ప్రభూ, ఎవరూ రుచి చూడలేదు" అన్నాడు పక్కనున్న దివాను హ్యోబు.

చేతులు ఆగిపోయాయి.

"ఓస్, అంతేనా! నేను తాగి ఇస్తానులే" అని మగొరొకు కుండ ఎత్తబోయాడు. ఈలోపే కాపలావాళ్ళు మీదపడి పట్టుకున్నారు. కుండ అరుగు మీంచి ముంగిట్లో పడి పగిలి, చారు మంచు మీద పారింది. కోట కుక్క ఒకటి వచ్చి శుభ్రంగా నాకి, తోక ఊపుకుంటూ ఇంకా ఉందా అని చూసింది.

"చూశారుగా, విషం లేదు" అన్నాడు తదకగె.

"ఈరోజు లేదు ప్రభూ. ఈరోజుది నమ్మకం కోసం. రేపు తెచ్చేది వేరు."

అనుమానం పట్టినవాడికి నడుముకు కట్టుకున్న తాడు కూడా పామే. మగొరొకు కత్తులు లాక్కుని, అతన్ని ఒక గదిలో బంధించారు. మర్నాడు ఉదయమే తదకగె కొండ ఎక్కాడు.

ఇదంతా విని గురువు అడిగింది ఒక్కటే.

"పొద్దున్నుంచి ఏమైనా తిన్నావా?"

"లేదు."

గురువు లోపలికి వెళ్ళాడు. వంటింట్లో మేకుకు పాత ఇనుప టోపీ, దాని పక్కనే చేమకాడల తాడు వేలాడుతున్నాయి. ఆ తాడు మగొరొకు ఏటేటా పంపేదే. గురువు ఒక ముక్క కోశాడు. టోపీ పొయ్యి మీద పెట్టి, తానే మంట ఊది, చారు కాచాడు. గుడ్డతో పట్టుకుని వచ్చి అరుగు మీద శిష్యుడి ముందు పెట్టాడు. చలిలో ఆవిరి నిలువుగా లేచింది.

"తాగు."

తదకగె కళ్ళు చెమ్మగిల్లాయి. ఆవిరి వల్లనే అనుకో. ఇంతలో వెనక నుంచి ముసలి గొంజొ మోకాళ్ళ మీద ముందుకు జరిగాడు. రుచి చూసే ముగ్గురిలో మూడోవాడు. ప్రభువు ఎక్కడికి వెళితే అక్కడికి వెళ్ళడం అతని ఉద్యోగం.

"క్షమించాలి ప్రభూ. ఆచారం."

వద్దు అనడానికి చెయ్యి ఎత్తితే చాలు. వేలు ఎత్తినా చాలు. తదకగె ఎత్తలేదు. గురువు వైపు చూశాడు. గురువు ముంగిట్లోని దేవదారు చెట్టు వైపు చూస్తున్నాడు.

గొంజొ ఒక గుక్క తాగి కళ్ళు మూసుకుని కూర్చున్నాడు. అందరూ కూర్చున్నారు. దేవదారు కొమ్మ మీది నుంచి మంచు జారి నేల మీద పడింది. ఆవిరి సన్నబడింది. దారంలా అయింది. పోయింది. చారు మీద తెట్టు కట్టింది. అప్పుడు గొంజొ కళ్ళు తెరిచి తల ఊపాడు.

తదకగె తాగాడు.

"రుచి లేదు స్వామీ. వాడు చేసినట్టు లేదు."

"అదే తాడు. అదే టోపీ."

గురువు మిగిలిన చారు చెట్టు మొదట్లో పోసి, టోపీ మంచుతో తోమడం మొదలుపెట్టాడు.

"మరి నేను అడిగినదానికి..." అన్నాడు తదకగె.

"తేల్చుకునే వచ్చావు. వెళ్ళు."

కొండ దిగుతున్నంతసేపూ తదకగెకు తన కుడిచెయ్యి బరువుగా తోచింది. మగొరొకును వదిలేద్దాం అనుకున్నాడు. మలుపు తిరిగాక, ఇంకొన్నాళ్ళు చూద్దాం అనుకున్నాడు. కోట గుమ్మంలో హ్యోబు ఎదురొచ్చాడు.

"చట్టం మీరు చేసిందే ప్రభూ. స్నేహితుడికని సడలిస్తే రేపు ఎవడు లెక్కచేస్తాడు?"

తదకగె తల ఊపాడు. చెయ్యి ఎత్తడానికి రాని బలం తల ఊపడానికి వచ్చింది.

ఆ సాయంత్రం మగొరొకు తెల్లబట్టలు కట్టుకుని, సమురాయి ధర్మం ప్రకారం తన కడుపు తానే కోసుకున్నాడు. చివరి భోజనం తీసుకువెళ్ళిన గొంజొ తిరిగివచ్చి ప్రభువు ముందు కూర్చున్నాడు.

"ఏమైనా అన్నాడా?"

"అన్నాడు ప్రభూ. 'చారులో ఉప్పు కొంచెం ఎక్కువ వేశాను, నా తప్పు అదొక్కటేనని తదాకు చెప్పు' అన్నాడు."

తదకగె కంచం తెమ్మన్నాడు. ఆ పూట అన్నం కూడా చల్లగానే వచ్చింది. చల్లగానే తిన్నాడు. తదా అని పిలిచే మనిషి కోటలో ఇక లేడు.

మంచు కరిగింది. ఉత్తరాది శత్రువు దండెత్తి ఇరుకుదారి దగ్గరికి వచ్చాడు. అక్కడి బంట్లు ఈటెలు గోడకు ఆనించి ఇళ్ళకు పోయారు. "వేడి చారు పోసినవాడికే ఆ గతి పట్టింది. ఇక రక్తం పోస్తే మనకేం ఒరుగుతుంది?" అనుకున్నారు. వాళ్ళను తప్పుపట్టేవాడు ముందు తన ఇల్లు చూసుకోవాలి.

కోట వెనక తలుపు తీసి శత్రువును లోపలికి పిలిచినవాడు దివాను హ్యోబు. ప్రభువు చారుకు కాపలా కాయడానికి ముగ్గురున్నారు. ప్రభువు తలుపును కాయడానికి ఒక్కడూ లేడు.

కోట అంటుకుంది. తదకగె గదిలోంచి పరుగెత్తాడు. నడవాలో చెక్కనేల వెంటపడి కూసింది. ఎవరో తరుముతున్నారని ఆగి, కత్తి దూసి వెనక్కి తిరిగాడు. ఎవరూ లేరు. ఆ చప్పుడు తన పాదాలదే. చంపడానికైనా అతని కోసం ఎవరూ రాలేదు. అందరూ ధాన్యపు కొట్ల వైపు వెళ్ళారు.

పొద్దు వాలుతుండగా, జుట్టు విరబోసుకుని, ఒంటరిగా, కాలినడకన మఠానికి చేరాడు. అరుగు మీద కూలబడ్డాడు. గురువు లేచి లోపలికి వెళ్ళాడు. వంటింట్లో మేకుకు తాడు బెత్తెడే మిగిలింది. ఇక పంపేవాడు లేడు. గురువు మొత్తం తీసి టోపీలో వేశాడు.

పొగలు కక్కుతున్న టోపీని గుడ్డ చుట్టి తదకగె చేతుల్లో పెట్టాడు.

"తాగు."

ఆవిరి ముఖానికి తగిలింది. మిసో వాసన. కట్టెల పొగ వాసన. తదకగె టోపీ పెదవుల దాకా తెచ్చాడు. ఆగాడు. అతని కళ్ళు పక్కకు వెళ్ళాయి. అక్కడ ఎవరూ కూర్చుని లేరు.

"ఇక్కడ నువ్వూ నేనే ఉన్నాం" అన్నాడు గురువు.

"తెలుసు స్వామీ."

"ముందు నేను తాగనా?"

"వద్దు. మీ మీద అనుమానం లేదు."

"మరి తాగు."

తదకగె మళ్ళీ ఎత్తాడు. అతను ఏడుస్తున్నాడు, తాగాలని ఆకలితో వణుకుతున్నాడు, అయినా గొంతు తెరుచుకోలేదు. ఎన్నో ఏళ్ళుగా ఆగడం నేర్పాడు దానికి. బాగా నేర్చుకుంది.

ఆవిరి సన్నబడింది. దారంలా అయింది. పోయింది.

అప్పుడు గొంతు తెరుచుకుంది. అడుగు దాకా తాగాడు.

"ఎలా ఉంది?" అన్నాడు గురువు.

తదకగె ఖాళీ టోపీలోకి చూస్తూ ఉండిపోయాడు.

అతను ఆ మఠంలోనే తల గొరిగించుకుని ముసలివాడయ్యేదాకా బతికాడు. పొయ్యి ఊదే పని అడిగి పెట్టించుకున్నాడు. చలికాలం తెల్లవారితే సన్యాసులు వరసగా కూర్చుని, అతను కాచిన గంజిని ఊదుకుంటూ, నాలుక కాల్చుకుంటూ, ఒకరినొకరు చూసి నవ్వుకుంటూ తాగేవాళ్ళు. అతను తన గిన్నె ఎదురుగా పెట్టుకుని, ఆవిరి పోయేదాకా కూర్చునేవాడు. అందరూ లేచి వెళ్ళాక తాగేవాడు.

చచ్చేదాకా వేడి గుక్క ఒక్కటీ అతని గొంతు దిగలేదు.