ముసాఫిర్ గల్లీలో పరిచిన పటం

నమ్మకం లేనివాళ్ళు ఇప్పుడే లేచి వెళ్ళిపోండి. మధ్యలో గొంతు సవరించుకుని, "అంత పెద్ద కాగితం ఉంటుందా కాసిం చాచా?" అని అడిగితే నాకు ఒళ్ళు మండుతుంది. నూరుకొండ దర్గాలో నేను నగారా మీద కర్ర వేస్తే మినారు మీది పావురాలు మూడు తాలూకాలు దాటి గాని వాలేవి కావు. ఆ చేతులతో మోసిన కాగితం అది. దాన్ని తెచ్చిన కారు గల్లీలోకి పట్టక, మలుపు దగ్గర్నుంచి ఉస్తాద్ ఇంటిదాకా నేనే భుజాన వేసుకున్నాను. ఆనాడు వంగిన నడుము ఇదిగో, ఇంకా లేవలేదు.

మా ఉస్తాద్ హుస్సేన్ పీరా గారికి కోపం వస్తే గొంతు పెరగదు, తగ్గుతుంది. ఆయన దగ్గర చదువుకున్నవాళ్ళం బెత్తానికి భయపడలేదు, ఆ తగ్గిన గొంతుకే భయపడ్డాం. ఆ మధ్యాహ్నం ఆయన మాట వినడానికి నేను చెవి తీసుకెళ్ళి ఆయన గడ్డానికి ఆనించాల్సి వచ్చింది.

ఆయనకు కోపం తెప్పించినవాడు జిలాన్ బాషా. మా గల్లీలోనే పుట్టి, ఆయన ముందే అక్షరాలు దిద్ది, పట్నం పోయి ఊళ్ళకు నమూనాలు గీసే ఇంజనీరయ్యాడు. దర్గాకు వచ్చే యాత్రికుల కోసం ఏకంగా కొత్త నగరమే కట్టాలని పైవాళ్ళు తలపెడితే, దాని పటం గీసింది వీడే. అందులో మేడలున్నాయి, వెడల్పాటి రోడ్లున్నాయి, కార్లు నిలపడానికి మైదానాలున్నాయి. ముసాఫిర్ గల్లీ లేదు. అప్పుడు జరుగుతున్న ఉరుసు ఉత్సవం కాగానే మేమంతా ఇళ్ళు ఖాళీ చెయ్యాలట. ఉస్తాద్ ఒక్కసారి "సరే" అంటే గల్లీకి గల్లీ మూటలు సర్దుకుంటుంది. అనకపోతే ఒక్క కుండ కూడా కదలదు. ఆ ఒక్క మాట కోసం వచ్చాడు వాడు.

మా పద్ధతి కూడా చెప్పాలి. ఉరుసు రోజుల్లో ప్రతి ఇంటి వసారా యాత్రికులది. వాళ్ళు చాప పరిచాక ఇంటివాళ్ళు దాన్ని తొక్కరు, వాళ్ళను లేవమని అనరు. నా పెళ్ళి ఉరుసులో పడింది. వసారాలో కర్నూలువాళ్ళు నిద్రపోతున్నారని పెళ్ళికొడుకునైన నేను గోడ దూకి ఇంట్లోకి వెళ్ళాను. గుర్రంతో సహా దూకాను!

"ఉస్తాద్, లక్షమందికి నీడ కడతామంటే మీకెందుకింత కోపం?" అన్నాడు జిలాన్.

ఉస్తాద్ వాదించలేదు. "పటం పరువు. ఒక్క మడత కూడా ఉండకూడదు" అన్నారు.

వాడు సంబరంగా కాగితపు చుట్ట విప్పాడు. గది నిండింది. మంచం ఎత్తి గోడకు నిలబెట్టాడు, నీళ్ళ బాన పెరట్లోకి జరిపాడు. కాగితం గడప దాటి వసారాలోకి పాకింది. అక్కడ ఆదోని నుంచి వచ్చిన ఒకావిడ, జ్వరంతో పడుకున్న ఆమె అత్త ఉన్నారు.

"కొంచెం లేస్తారా అమ్మా? ఒక్క నిమిషం" అన్నాడు జిలాన్.

నా నెత్తురు సలసల కాగింది. ముసాఫిర్ గల్లీ బిడ్డ నోటి నుంచి ఆ మాట! కర్ర అందుకోబోయాను. ఏనుగును ఆపిన ఈ మణికట్టును ఉస్తాద్ రెండు వేళ్ళతో పట్టి కూర్చోబెట్టారు.

"మాయత్తకు ఒళ్ళు కాలిపోతా ఉంది సారూ. యాడికి పోవాల?" అంది ఆవిడ.

"ఇట్లా బయటికి రామ్మా. ఇదంతా మీ కోసమే కదా!"

"పోయినేడు జడివాన కొట్టినా మమ్మల్ని ఈడ ఎవరూ లేపలా" అని గొణుక్కుంటూ ఆవిడ చాప చుట్టింది, అత్తను నడిపించుకుంటూ వీధిలోకి దిగింది.

కాగితం ఆ చివరి వరకూ పరుచుకుంది. ఒక్క మడత లేదు. వాడు మోకాళ్ళ మీద పాకుతూ చూపించాడు: ఇది చల్లటి హాలు, ఇది భోజనశాల, ఇవి పడకలు.

"జబ్బుమనిషి వస్తే?" అన్నారు ఉస్తాద్. నాకొక్కడికే వినబడింది. నేను గట్టిగా అరిచి చెప్పాను. నా అరుపుకు దూలం మీది మట్టి రాలింది.

"దానికీ వేరే గది ఉంది ఉస్తాద్. ఇదిగో..." అంటూ వసారా కొసన అరచెయ్యి ఆనించాడు జిలాన్. ఆనించి, చటుక్కున వెనక్కి తీసుకున్నాడు. కాగితం కింద, జ్వరంతో ముసలమ్మ పడుకున్న చోట, నేల ఇంకా వెచ్చగా ఉంది.

అప్పుడు తలెత్తి వీధిలోకి చూశాడు. ఎదురుగోడ దగ్గర నిప్పులు చెరిగే ఎండలో ముసలమ్మ కూలబడి ఉంది. కోడలు కొంగు విప్పి ఆమె నెత్తి మీద పట్టుకుని నిలబడింది. జిలాన్ ఏ మాట కోసం వచ్చాడో ఆ మాట అడగడం మరిచిపోయాడు.

"నీడ బాగా గీశావు బేటా" అన్నారు ఉస్తాద్. ఈసారి గల్లీ మొత్తానికి వినబడింది. "వాళ్ళను పిలిచి అందులో కూర్చోబెట్టు, చూద్దాం."

కల్పించానంటారా? ఆదోని పొండి. పత్తిమిల్లు వెనక వీధిలో ఖైరూన్ బీ ఇల్లెక్కడని అడగండి. కొంగు పట్టుకుని నిలబడింది ఆమే.