దూలం కొక్కేలు

పాత ఇనుప వస్తువు ఏది దొరికినా, చరిత్ర చెప్పే విఠల్ సార్ మొదట కళ్ళు మూసుకుని వేలితో తడిమేవారు. దాని పేరు సంగతి ఆ తర్వాతే. "కొలిమిల కొట్టిన ఇనుము ఏం పని చేసిందో, అరిగినచోట చెప్తది" అనేవారు. శిష్యులందరికీ ఆ పద్ధతి పట్టుబడింది, ఓదేలుకు తప్ప. అతనికి అంత ఓపిక లేదు.

దొర చేసిన అన్యాయాల మీద ఆ సాయంత్రం ఊళ్ళో సభ. గుట్ట మీద కూలిపోయిన దొర గడీ శిథిలాల్లో, మెటల్ డిటెక్టర్‌తో వెతికి ఓదేలు తవ్వితీసిన కొక్కెం ఎర్రగుడ్డ మీద ఉంది. దూలానికి దిగ్గొట్టే లావుపాటి మొన, చివర వంపు, ఒళ్ళంతా సుత్తి దెబ్బలు. తుప్పు నెత్తురులా కనిపిస్తోందని అతను దాన్ని శుభ్రం కూడా చేయలేదు. కింద అట్ట మీద "మనుషుల్ని వేలాడదీసిన కొక్కెం" అనీ, పైన బ్యానర్ మీద "ఇనుము అబద్ధమాడదు" అనీ తనే రాశాడు. అదే ఊరి కొమురవ్వ తండ్రిని చాలా ఏళ్ళ కిందట గడీకి పిలిపించారు. ఆయన తిరిగి రాలేదు. మీ నాయినను దీనికే కట్టిండ్రని ఓదేలు ఆ ముసలామెకు పొద్దున్నే చెప్పేశాడు. కొక్కేనికి పసుపు పెట్టి మొక్కడానికి వస్తానని ఆమె అంది.

విఠల్ సార్ కొక్కెం వైపు చెయ్యి చాపగానే ఓదేలు అడ్డం వచ్చాడు.

"దొర ఏం జేసిండో ఊరందరికీ ఎరుకే సార్. ఎరుకైన నిజానికి మళ్ళ రుజువెందుకు? రుజువులడిగేటోడు ఎప్పుడైనా గడీ దిక్కే నిలబడ్తడు."

సార్ కొక్కేన్ని చేతిలోకి తీసుకున్నారు. కళ్ళు మూసుకున్నారు. ఆయన వేలు వంపు లోపలికి వెళ్ళి అక్కడే ఆగింది.

"నువ్వు పట్టి చూడు."

తుప్పు కింద నున్నటి గాడి. ముందుకూ వెనక్కూ వాలుగా, లోతుగా అరిగి ఉంది.

"కదలకుండ వేలాడే బరువు ఇనుమును ఇట్ల తినది" అన్నారు సార్. "దీనికి జత ఉండాలె. పా, పోయి చూద్దాం."

ఆ కొక్కేన్ని సార్ వెంట తెచ్చారు. అది దొరికినచోటి నుంచి, దూలం పడి పుచ్చిపోయిన జాడ వెంట ఓదేలు డిటెక్టర్‌ను జరుపుతూ నడిచాడు. ఇన్నాళ్ళూ అది కూయాలని కోరుకున్నవాడు, ఇవాళ కూయకుండా ఉండాలని ప్రతి అడుక్కీ మొక్కుకున్నాడు. మనిషి కూర్చునే బల్ల పొడవంత దూరంలో అది కూసింది. మట్టి తీస్తే అలాంటి కొక్కెమే. అలాంటి గాడే.

"ఉయ్యాలది" అన్నాడు ఓదేలు, తనకే వినపడనంత మెల్లగా. ఈ మాట బయటపెడితే గడీవాళ్ళ మనవలు సభలోనే నవ్వుతారు. దాచితే ముసలామె అబద్ధానికి పసుపు పెడుతుంది. తల ఎత్తేసరికి కొమురవ్వ, వీళ్ళు ఇటొచ్చారని విని, కొంగులో పసుపు ముడితో గుట్టెక్కి వస్తోంది.

ఆమె కథ రికార్డు చేసుకున్న రోజు అతనికి గుర్తొచ్చింది. ముందుగా ఆమె తల్లి ముచ్చటే ఎత్తుకుంది, గడీలో వెట్టి చేసీ చేసీ నిద్దట్లో కూడా మా అవ్వ కుడిచెయ్యి ముందుకూ వెనక్కూ ఆడుతుండేదని. అది మనకెందుకవ్వా, నాయిన సంగతి చెప్పు, అని ఓదేలే మాట మళ్ళించాడు.

"అవ్వా, నేను తప్పు చెప్పిన" అన్నాడు ఇప్పుడు. "ఇవి దొర ఉయ్యాల కొక్కేలు. మీ నాయినను వీటికి కట్టలే."

"పొద్దుగాల అంత గట్టిగ చెప్తివి గద బిడ్డా."

"చెప్పిన. ఎరుక లేకుండ చెప్పిన."

"మరి మా నాయిననేం జేసిండ్రు?"

"ఎరుకలేదవ్వా."

ఆమె ఒక రాయి మీద కూర్చుంది. పసుపు ముడి విప్పలేదు. ఓదేలు జేబులోంచి ఫోన్ తీశాడు, సభ ఆపేయమని చెబుదామని. నంబరు నొక్కకుండా సార్ వైపు తిరిగాడు.

"ఇగ మన దగ్గర చెప్పనీకి ఏం మిగిలింది సార్?"

విఠల్ సార్ రెండు కొక్కేలనూ అతని అరచేతిలో పక్కపక్కన పెట్టి, గాడిలో వేలుంచారు.

"ఇంత అరిగేదాంక దొర ఊగిండు. మరి, ఊపిందెవరు?"