ముప్పై రెండు ముద్రల అర్జీ

ఏడు నాడులు, అంటే ఏడు సీమలు, ఒక్క గొడుగు నీడన బతికిన ఒకానొక రాజ్యానికి గండరాయలు ప్రభువు. ఆయన కొలువుకు వస్తే వందిమాగధులు నూటెనిమిది బిరుదులు చదివేవారు. సభవారు మధ్యలో లేచి వెళ్ళి భోంచేసి, ఓ కునుకు తీసి తిరిగి వచ్చినా తొంభయ్యో బిరుదే నడుస్తూ ఉండేది.

ఆ రాజ్యంలో ముప్పై రెండు గద్దెలు, గద్దెకో అధికారి. ఎక్కినవాడు కాటికి పోయేదాకా దిగడు. కాటికి పోవడానికైనా పక్క గద్దెవారి ముద్ర కావాలి. రాజ్యంలో ఆఖరి ఏనుగు చచ్చి ముప్పై ఏళ్ళయినా ఏనుగుల అధికారి రోజూ వచ్చి కూర్చుని, ఏడుగురు బంట్ల చేత విసిరించుకునేవాడు. వీళ్ళలో అందరికన్నా పెద్దగద్దె మహాప్రధాని లకుమయామాత్యుడిది. నలభై ఏళ్ళుగా కదలని ఆయన పీట కింద చెదపురుగులు ఏడు తరాలు కాపురం చేసి, మనవళ్ళ పెళ్ళిళ్ళు కూడా చేశాయట.

ఇక మాచన. కొలువులో చమత్కారి. అతను గొంతు సవరించుకుంటే చాలు, ఆస్థాన పండితులు నలుగురికీ ఒకేసారి దగ్గు వచ్చి బయటికి నడిచేవారు.

ఒక పొద్దున కోట వాకిట ఒక ముసలామె కూలబడి ఉండగా చూశాడు మాచన. వాగునాటి ఈరమ్మ. ఏటా వచ్చే మనిషే.

“మళ్ళీ వచ్చావేం అవ్వా?”

“రాక ఏం చెయ్యను బాబూ. మా ఏటిగట్టుకు గండి పడి తొమ్మిదేళ్ళు. వరదొస్తే మూడు ఊళ్ళూ చెట్లెక్కుతున్నాం. ఈసారి గట్టు మొత్తం లేచిపోతుంది. ఏరు పొంగడానికి ఇంక నెల్లాళ్ళే. అర్జీ ఏదయ్యా అంటే పైవారి దగ్గరుందంటారు. పైవారినడిగితే కిందివారి దగ్గరుందంటారు.”

మాచన తిన్నగా లోపలికి వెళ్ళి ఆ అర్జీ వెతికించాడు. ఇద్దరు బంట్లు మోసుకొచ్చారు. తాటాకు ఒక్కటే, కానీ గుమ్మడికాయంత అయింది.

ఆ రాజ్యపు కట్టడి ఏమిటంటే, అర్జీని దారంతో కట్టి లక్కముద్ర వేస్తారు. తరవాతి అధికారి ఆ లక్క పగలగొట్టి, కట్టు విప్పి, చదివి, మళ్ళీ కట్టి తన ముద్ర వేయాలి. అంత ఓపిక ఎవరికుంది? ముందువాడి లక్క మీదే తన లక్క పోసి పక్కకు తోసేవారు. అలా పొర మీద పొర పెరిగి, పాపం ఈరమ్మ గోడు లోపలెక్కడో ఊపిరాడక పడి ఉంది.

మాచన మూడు క్షణాలు ఆ లక్కముద్ద వంక చూశాడు. అతని ఒళ్ళంతా పులకరించింది.

మర్నాడు నిండు కొలువులో రాయలవారు మీసం దువ్వుతూ, “మా కొలువులో ముద్ర పడిందంటే ముప్పై రెండు జతల కళ్ళు చదివినట్టే” అన్నారు.

“కళ్ళ సంగతి తెలియదు ప్రభూ. చేతులు మాత్రం పడతాయి” అన్నాడు మాచన.

లకుమయామాత్యుడికి నిద్ర ఎగిరిపోయింది. “ఓయీ మాచనా, పౌర్ణమికి ఇంకా పది రోజులున్నాయి. ఈలోగా రుజువు చెయ్యి. చెయ్యలేకపోతే ఏడు నాడుల పొలిమేర దాటిపో.”

“దాటిపోతాను. రుజువు చేస్తే?”

“చదవకుండా మా ముద్ర పడిన ఆకు ఒక్కటి చూపించవయ్యా” అన్నారు రాయలవారు. “అందులో ఏముంటే అది జరిపిస్తాం. ముద్ర వెనక్కి తీసుకోవడం మా వంశంలో లేదు.”

మాచన ఆ పూటే గంటం పట్టి కొత్త అర్జీ రాశాడు. దారంతో కట్టేసి, పైన మాత్రం ‘ఏలినవారి నూటతొమ్మిదో బిరుదు గురించి’ అని చెక్కి ఈరమ్మ చేతికిచ్చాడు.

పాత అర్జీ తొమ్మిదేళ్ళకు కదలలేదు చూశారూ, ఇది మధ్యాహ్నంలోగా ముప్పై రెండు గద్దెలూ చుట్టింది. రాజుగారి బిరుదంటే ఆలస్యం చేసేదెవరు? ముప్పై ఏళ్ళుగా పనికని లేవని ఏనుగుల అధికారి లేచి పరుగెత్తితే కోటలో మూడు బురుజులు బీటలిచ్చాయి. లకుమయామాత్యుడు గురకకూ గురకకూ మధ్య ముద్ర వేశాడు.

ఆఖరికి రాయలవారి దగ్గరికి చేరింది. “చదివి వినిపించమంటారా ప్రభూ?” అన్నాడు కరణం.

“మా గొప్పతనం ఇంకొకడు చదివితే గానీ మాకు తెలియదా? లక్క తీసుకురా.”

పౌర్ణమినాడు సభ కిటకిటలాడింది. మాచన పళ్ళెంలో అర్జీ పెట్టుకుని వచ్చాడు.

“ఇది చదివారా అయ్యా?” అని ఏనుగుల అధికారిని అడిగాడు.

“అక్షరం అక్షరం.”

“మహాప్రధానిగారు?”

“రెండుసార్లు. మొదటిసారి ఆనందబాష్పాలు అడ్డొచ్చాయి.”

“మేమూ చదివాం” అన్నారు రాయలవారు. “శైలి బాగుంది.”

మాచన చిన్న సుత్తి తీసి, పొర తరవాత పొర ఒలిచి సభకు చూపించాడు. రాయలవారి ముద్ర, దాని కింద మహాప్రధాని ముద్ర, దాని కింద ఏనుగుల ముద్ర. ఒక్కటీ చెక్కు చెదరలేదు. “ముందువారి ముద్ర పగలకుండా లోపలి ఆకు ఎలా చదివారో, ఆ విద్య కాస్త నాకూ నేర్పండి” అన్నాడు.

మాచన కట్టు విప్పి చదివాడు.

“వాగునాటి గండిని పదిహేను రోజుల్లో పూడ్చవలెను. దీని మీద ముద్ర వేసినవారు తలా నూరు తట్టల మట్టి స్వయంగా మోయవలెను. ఇకమీదట ఏ అధికారీ నాలుగేళ్ళకు మించి గద్దె మీద ఉండరాదు. దిగేనాడు ప్రజల ముందు నిలబడి, తాను ఏ అర్జీ తీర్చాడో, ఏది తీర్చలేదో జవాబు చెప్పవలెను. ఇది నడిపిన ప్రభువుకు ‘మట్టి మోసిన మారాజు’ అను నూటతొమ్మిదో బిరుదు చెల్లును.”

“మోసం ప్రభూ” అని లేచాడు లకుమయామాత్యుడు. “నేనిది చదవనే లేదు.”

“చదివారంటే ఒప్పుకున్నట్టే, మట్టి మోయండి. చదవలేదంటే నలభై ఏళ్ళుగా ఆ పీట మీద ఏం చేస్తున్నారో సభకు చెప్పండి. ఏది తేలికైతే అది కానివ్వండి.”

మహాప్రధాని తన భుజాలు తడుముకున్నాడు. “తట్ట ఎంత బరువుంటుంది?” అన్నాడు.

సభంతా రాయలవారి మొహం వంక చూసింది. అది దానిమ్మపువ్వులా ఎర్రబడింది. ఇప్పుడు రాయలవారు కాదంటే మాచన పొలిమేర దాటాలి, ఈరమ్మ ఊళ్ళు ఏట్లో కలవాలి.

రాయలవారు ఊడివచ్చిన తన ముద్ర చేతిలోకి తీసుకుని తిప్పి తిప్పి చూశారు. ముందు భుజాలు కదిలాయి. తరవాత బొజ్జ కదిలింది. ఆ మీదట వచ్చిన నవ్వుకు ఏడు కోటల పావురాలు ఒక్కసారిగా ఎగిరి ఆకాశం నల్లబడింది.

“మాటంటే మాటే. తట్టలు తెప్పించండి” అన్నారు.

ఆ పద్నాలుగు రోజులూ వాగునాడు చూసిన వైభవం దేవతలు కూడా చూడలేదు. పట్టుపంచెలు పైకి ఎగ్గట్టి, ముప్పై రెండు మంది తలల మీద తట్టలు, అందరికీ ముందు రాయలవారు. ఊళ్ళవాళ్ళూ చేతులు వేశారు. పడమట మబ్బులు కొండల్లా లేస్తుండగా గండి పూడింది.

ఈరమ్మ కర్రతో మట్టిని పొడిచి చూస్తూ గట్టు పొడుగునా నడిచి ఒకచోట ఆగింది. కర్ర జానెడు దిగింది.

“ఇక్కడ మట్టి సరిగ్గా తొక్కలేదు. ఎవరు వేశారిది?”

ఏనుగుల అధికారి అలవాటు కొద్దీ పైకి చూపించాడు. లకుమయామాత్యుడు కిందికి చూపించాడు.

రాయలవారు ముందుకొచ్చారు. “నేనే వేశాను అవ్వా.”

“అయితే తొక్కు మారాజా, చూస్తావేం?”

రాయలవారు పకపకా నవ్వుతూ బురదలోకి దిగి తొక్కడం మొదలుపెట్టారు. తొక్కుతూనే చేతి బంగారు కడియం ఊడదీసి మాచన చేతికి తొడిగారు. “నేనే అని చెప్పడం ఇంత తేలికని ఇన్నాళ్ళూ ఒక్కడూ చెప్పలేదేమయ్యా” అన్నారు.

మాచన బదులు చెప్పేలోగా ఈరమ్మ కర్ర ఆడించింది.

“కబుర్లు తరవాత, మారాజా. ఆ మడమ పక్కన ఇంకాస్త గట్టిగా.”