మంచం పక్కన రోలు

గంటి సర్వేశం గారిని ప్రశ్న అడగడమంటే పని కొనితెచ్చుకోవడమే. కొండల కింద వారానికోసారి సంత జరిగే ఆ చిన్న ఊళ్ళో ఆయన వైద్యులు. మందులు నూరడం నేర్చుకుందామని వచ్చి ఆ ఇంట్లోనే ఉండిపోయే శిష్యులు ఒకరో ఇద్దరో ఎప్పుడూ ఉండేవారు. వాళ్ళ సందేహాలకి ఆయన నోటితో జవాబు చెప్పిన పాపాన పోలేదు. కోపాన్ని జయించడం ఎలాగని అడిగినవాడి చేత గంపెడు పిప్పళ్ళు దంచించారు. వాడు తుమ్మి తుమ్మి కళ్ళు వాచి బయటికొచ్చాడు. కోపం పోయిందో లేదో తెలియదు గాని, మళ్ళీ ప్రశ్న మాత్రం అడగలేదు.

కూర్మనాథం అంత తొందరగా తగ్గే మనిషి కాదు. ముప్పై దాటాక, పెళ్ళాం బిడ్డల్ని అత్తవారింట దింపి మరీ వైద్యం నేర్చుకోవడానికి వచ్చినవాడు. అలా రావడానికి అతనికో కారణం ఉంది. తండ్రి జబ్బుచేసి మంచాన పడి ఉన్నప్పుడు ఒక వైద్యుడు పొద్దున్నే వచ్చి, ఇంత లేహ్యం నాకించి, "నిన్నటికి ఇవాళ నయం" అని చెప్పి పోయేవాడు. చివరిసారి అలా నయమని చెప్పిన మర్నాడే తండ్రి పోయాడు. ఆ వైద్యుడి మీద కోపం కూర్మనాథంలో ఇంకా చల్లారలేదు. అందుకని ఒక సాయంత్రం, గురువుగారు గవరమ్మ ఇంటినుంచి తిరిగొచ్చి కాళ్ళు కడుక్కుంటూ ఉండగా, చెంబు అందిస్తూనే అడిగేశాడు.

"చావు ఖాయమని తెలిసి కూడా మందివ్వడం అబద్ధమాడటం కాదా, గురువుగారూ?"

గవరమ్మకి ఊపిరితిత్తుల్లో నీరు చేరింది. పట్నం ఆస్పత్రివాళ్ళు ఇక మా వల్ల కాదు, ఇంటికి తీసుకుపొమ్మన్నారు. అలాంటి మనిషికి సర్వేశం గారు రోజూ మధ్యాహ్నం వెళ్ళి, ఆ ఇంట్లోనే పచ్చి అల్లం దంచించి, రసం తీయించి, తేనె కలిపి చెంచాడు పట్టించి వస్తున్నారు. అంత జబ్బుకి చెంచాడు అల్లం రసం ఏ మూలకి? పసరు పేర్లు నాలుగు నేర్చిన ఏ కుర్ర వైద్యుడికైనా ఆ మాట తెలుసు. గురువుగారికి తెలియకుండా ఉంటుందా?

ఆ ఇంటి సంగతి కూడా కాస్త చెప్పుకోవాలి. గవరమ్మకి ఉన్నది ఒక్కడే కొడుకు, ఎరకయ్య. అతని భార్య రావులమ్మకి తొలికాన్పు నొప్పులు వచ్చినప్పుడు, బండి కట్టుకుని పక్కూరి నుంచి మంత్రసానిని తెస్తానని అతను లేచాడు. "కాసేపు ఆగరా. నాను కన్నేదా నిన్ను?" అని గవరమ్మే ఆపింది. కని పెంచిన అనుభవం కదా, పెద్దదాని మాట అని అతను ఆగాడు. ఆ ఆగడంలో తల్లీ బిడ్డా ఇద్దరూ దక్కలేదు. అప్పటినుంచి ఎరకయ్య తల్లిని పల్లెత్తు మాట అన్నది లేదు, పలకరించిందీ లేదు. గంజి కాచి పెట్టేవాడు. పక్క మార్చేవాడు. ఆడపిల్ల చేసినట్టు అన్నీ చేసేవాడు. చేసి, వీధరుగు మీదకి పోయి కూర్చునేవాడు. కొడుకు నోట 'అమ్మా' అన్న పిలుపు ఒక్కసారి విని పోతే చాలునని గవరమ్మ చూడవచ్చిన ఆడవాళ్ళందరి దగ్గరా ఏడ్చింది. ఊరందరికీ తెలిసిన ఈ సంగతి కూర్మనాథానికీ తెలుసు. అయితే అది జబ్బు లక్షణాల్లోకి రాదు కాబట్టి దాన్ని అతను లెక్కలో వేసుకోలేదు.

సర్వేశం గారు కాళ్ళు తుడుచుకుని, తువ్వాలు భుజాన వేసుకున్నారు.

"రేపు గవరమ్మ ఇంటికి నువ్వెళ్ళు. అల్లం ఎరకయ్య చేత మంచం పక్కనే దంచించు. రసం తేరేదాకా వాణ్ణి లేవనివ్వకు."

"మరి నా ప్రశ్న?"

"అక్కడే ఉంటుంది, చూడు," అని ఆయన లోపలికి వెళ్ళిపోయారు.

ఇంకొక్క మాట విప్పి చెప్పి ఉంటే బాగుండేదని ఈ కథ విన్నవాళ్ళంతా అంటారు. నేనూ అంటాను. కాని చెప్పకపోవడం ఆయనకి అలవాటైపోయింది. మంచి అలవాటు కూడా ఒక్కోసారి మనిషిని ముంచుతుంది.

మర్నాడు కూర్మనాథం వెళ్ళేసరికి ఎరకయ్య అప్పటికే నేలమీద కూర్చుని ఉన్నాడు. రోజూ అక్కడే పెట్టడం వల్ల పేడతో అలికిన నేలమీద, మంచానికి చేరువలో, చిన్నరోలు అడుగు గుండ్రంగా అచ్చు పడింది. రోలు సరిగ్గా ఆ అచ్చులోనే ఉంది. పక్కన సంతలో కొన్న కొండ అల్లం, ఇంకా మన్ను వదలకుండా, తడిగుడ్డలో ఉంది. గవరమ్మ పాతచీరల మూటకి ఆనుకుని, పడుకోనూ లేక కూర్చోనూ లేక, కొడుకు చేతులకేసి చూస్తోంది. ఎరకయ్య తలెత్తకుండా ఆల్చిప్పతో అల్లం తొక్క గీకుతున్నాడు. ముక్కలు చేసి రోట్లో వేసి ఒక్క పోటు వేశాడో లేదో, మంచంకోడు అదిరింది. గవరమ్మ రొమ్ము ఎగిరెగిరి పడింది.

కూర్మనాథానికి ప్రాణం ఉసూరుమంది. జాలిగుండె మనిషి, లేనిపోని నిందలు అతనిమీద వేయకూడదు. పోయే మనిషి చెవిదగ్గర రోలు పెట్టి దంచడం ఏం వైద్యం అనుకున్నాడు. గురువుగారు పెద్దవారైపోయారు, చూపు ఆనదు, ఎక్కడ కూర్చుంటే అక్కడే పని కానిచ్చేస్తున్నారు. అంతే అయి ఉంటుందని సర్దిచెప్పుకున్నాడు.

"రోలు పెరట్లోకి పట్టుకుపో, ఎరకయ్యా. అక్కడ వెలుతురు కూడా ఉంటుంది."

ఎరకయ్య రోలెత్తుకున్నాడు. ఆ గదిలోంచి లేవమని ఎవరైనా అంటే చాలునన్నట్టు లేచాడు.

"ఇక్కడే ఉండనీ బాబూ," అంది గవరమ్మ. ఊపిరికీ ఊపిరికీ మధ్య ఒక్కొక్క మాటే వస్తోంది. "సప్పుడు నాకేటీ అవదు. ఆడికి ఓ మాట సెప్పాల."

"మీకు కాస్త నెమ్మది కావాలమ్మా. మందు పుచ్చుకున్నాక చెబుదురుగాని. ఇదిగో, ఇంతలో అయిపోతుంది," అని ఆమె కాళ్ళమీద దుప్పటి సర్ది, కూర్మనాథం పెరట్లోకి నడిచాడు. ఆ దుప్పటి సర్దినందుకు తనలో తను తృప్తి పడ్డాడు కూడా.

మందు పనికొచ్చినా రాకపోయినా, చేసేది మాత్రం సవ్యంగా చేయాలని అతని పట్టుదల. అల్లం రెండు నీళ్ళు కడిగించాడు. పీచు విడేదాకా మెత్తగా దంచించాడు. ఆ ఘాటుకి ఇద్దరి కళ్ళలోనూ నీళ్ళు తిరిగాయి. ముద్దని తడిపిన పల్చటి గుడ్డలో వేయించి, గట్టిగా మెలిపెట్టించి, పింగాణీ గిన్నెలోకి పిండించాడు. రసం మట్టిరంగులో చిక్కగా దిగింది. అప్పుడే తీసిన రసం తాగకూడదు. కదపకుండా ఉంచితే సున్నంలాంటి తెల్లటి మడ్డి అడుగుకి చేరుతుంది. అది కడుపులోకి పోతే మంట. పైన నిలిచిన తేటే మందు. ఆ మాటలన్నీ కూర్మనాథం ఎరకయ్యకి పాఠం చెప్పినట్టు చెప్పాడు. ఎరకయ్య ఊకొట్టాడు. ఇద్దరూ గిన్నెకి చెరోపక్క గొంతుకూర్చుని తేరేదాకా కనిపెట్టుకుని ఉన్నారు. రోలు చప్పుడు ఆగిపోయాక పెరడంతా సద్దుమణిగింది. జామచెట్టు మీద ఉడత ఒకటి అరుస్తోంది.

రసం తేరింది. ఎరకయ్య గిన్నెని రెండు చేతులా పట్టుకుని, ఇంకో గిన్నెలోకి తేట వంచడం మొదలుపెట్టాడు. అడుగున మడ్డి తెల్లగా కనిపిస్తోంది. ధార సన్నగా పడుతోంది. అప్పుడు లోపల్నుంచి పిలుపు వచ్చింది.

"ఎరకా..."

అతని చేతులు ఆగాయి. "అమ్మ పిలిత్తన్నట్టుంది బాబూ."

కూర్మనాథం చూపు మడ్డి మీదే ఉంది. ఎరకయ్య నోట ఏ మాట వచ్చిందో అతని చెవికెక్కలేదు. "చెయ్యి కదిలిందంటే అడుగు లేచి కలిసిపోతుంది. ఇంత శ్రమా వృథా. కాసేపు ఆగు. ఆవిడెక్కడికి పోతుంది?"

ఎరకయ్య ఆగాడు. ఆగమంటే ఆగడం ఆ ఇంటివాళ్ళకి కొత్త కాదు. చివరి బొట్టుదాకా తేట వంచి, చిటికెడు మడ్డి కూడా కలవకుండా గిన్నె దింపాడు. కూర్మనాథం తేనె కలిపాడు. రసం బంగారంలా ఉంది. గురువుగారు కూడా ఇంత తేటగా తీయించలేదని అనుకుంటూనే అతను గడప దాటాడు.

గవరమ్మ మంచం అంచుకి ఒరిగి ఉంది. కళ్ళు తెరిచే ఉన్నాయి. మూటని తోసుకుని ఇవతలికి జరగడానికి చాలా పెనుగులాడినట్టుంది, చీర నలిగిపోయి ఉంది. ఒక చెయ్యి మంచం మీంచి కిందికి జారి, నేలమీద రోలు అచ్చు పడిన చోట ఆనుకుని ఉంది. కూర్మనాథం నాడి పట్టుకున్నాడు. పట్టుకోకముందే తెలిసినా, పట్టుకున్నాడు. ఆ చెయ్యి ఇంకా వెచ్చగానే ఉంది.

ఎరకయ్య ఏడవలేదు. గిన్నె పట్టుకుని గుమ్మంలోనే నిలబడిపోయాడు. అక్కణ్ణుంచే అన్నాడు, తల్లితోనో కూర్మనాథంతోనో తెలియకుండా.

"నిన్న 'తొక్క పల్సగా తియ్యరా, సారవంతా తొక్క కిందే ఉంటాది' అంది. నాను పలకనేదు. మొన్నా ఏదో అంది. తల దించుకుని దంచుకుంటా కూకున్నాను. ఇయాల పలుకుదావనుకున్నాను బాబూ. పొద్దున్నించీ అదే అనుకుంటన్నాను."

తరవాత గిన్నె కింద పెట్టి, మంచం దగ్గరికొచ్చి వంగి, ఆమె చెయ్యి ఎత్తి మంచం మీద పెట్టాడు. "అమ్మా," అన్నాడు. మళ్ళీ అన్నాడు. పక్కింటివాళ్ళు విని పరుగెత్తుకొచ్చేదాకా అంటూనే ఉన్నాడు. ఆ పిలుపు కోసం కళ్ళు కాయలు కాచిన మనిషి తప్ప అందరూ విన్నారు.

ఆడవాళ్ళు గదిలోకి వచ్చి శోకాలు మొదలుపెట్టాక, ఎరకయ్య ఆ గిన్నె తెచ్చి కూర్మనాథం చేతిలో పెట్టాడు. అందులో నిష్ఠూరం లేదు. "బాగా తేరింది బాబూ. తీసుకెల్లండి," అన్నాడు. అంతకన్నా చెంప మీద కొట్టి ఉంటే కూర్మనాథానికి తేలికగా ఉండేది.

దాన్ని పారబోయడానికి అతనికి చేతులు రాలేదు. నడివీధిలో, ఎండలో, ఒలకకుండా రెండు చేతులా పట్టుకుని నడిచాడు. ఎదురైనవాళ్ళు ఎవరికి మందని అడిగారు. అతను గిన్నెకేసే చూస్తూ దాటిపోయాడు. తన తండ్రికి లేహ్యం నాకించిన వైద్యుడు నడిచేదారిలో గుర్తొచ్చాడు. ఆయన వచ్చే వేళకి అమ్మ పొయ్యి దగ్గర్నుంచి లేచి, ఆ కాసేపూ నాన్న తల ఒళ్ళో పెట్టుకుని కూర్చునేది. అది ఇన్నేళ్ళూ తనకి గుర్తే రాలేదు. ఆ వైద్యుడి మీద ఉన్న కోపం వెతుక్కుంటే దొరకలేదు. ఆ చోటున ఇప్పుడు తనే ఉన్నాడు.

సర్వేశం గారు నడవాలో కూర్చుని కరక్కాయలు ఏరుతున్నారు. కూర్మనాథం గిన్నె ఆయన ముందు పెట్టి నిలబడ్డాడు. చెప్పవలసినదంతా అతని మొహమే చెబుతోంది.

"ఎక్కడ దంచించావు?"

"పెరట్లో. ఆవిడకి చప్పుడు..." అని, "నేనే లేపాను వాణ్ణి. పిలిస్తే వెళ్ళబోయాడు, నేనే ఆపాను," అన్నాడు.

ఆయన చేతిలోని కరక్కాయ చేతిలోనే ఉండిపోయింది. గిన్నెలోకి చూశారు. తెల్లటి నలుసైనా లేకుండా తేట నిలిచి ఉంది. ఆయన కళ్ళు నిండాయి. ఆయనకి కన్నీళ్ళు రావడం ఆ ఇంట్లో శిష్యులెవరూ అంతకు ముందు చూడలేదు.

"ఆవిడ పోయింది, గురువుగారూ," అన్నాడు కూర్మనాథం. "మందు పట్టకుండానే పోయింది."

సర్వేశం గారు గోడ పట్టుకుని లేచి, పైపంచ తీసుకుని, ఆ ఇంటివైపు బయలుదేరుతూ గుమ్మంలో ఆగారు.

"రోగి బతికే ఉన్నాడు, కూర్మనాథం. వాడికిక నా దగ్గర మందు లేదు."