దక్షిణపు తలుపు

శేషశయనానికి ఒక్కటే దిగులు. ఎనిమిదేళ్ళుగా గురువు దగ్గర ఉన్నాడు. రోజూ చీకటితోనే లేచి ఊపిరి బిగబట్టే సాధన చేస్తున్నాడు. ముక్కుకి జానెడు దూరంలో దీపం పెట్టినా వత్తి వణకదు. అంతవరకూ వచ్చాడు. అక్కడే ఆగిపోయాడు.

ఆ రోజు గురువు నూనె గిన్నె పక్కన పెట్టుకుని తలుపు బందులకి నూనె రాస్తున్నాడు. శయనం వెళ్ళి ఎదురుగా నిలబడ్డాడు.

"గురువుగారూ, నా లోపలి గాలి నా మాట వింటోంది. బయటి గాలి ఎప్పుడు వింటుంది?"

"బయటి గాలితో నీకేం పనిరా?"

"ఎనిమిదేళ్ళయింది కదండీ. ఏదో ఒకటి కనబడాలి కదా."

"కనబడుతుందిలే. ముందు ఆ కుండలన్నీ నింపి లోపల పెట్టు. రేపు ఊరంతా ఇక్కడే ఉంటుంది."

శయనం ఆకాశం వంక చూశాడు. ఎండ కాస్తోంది. సరుగుడు చెట్ల కొసలు కూడా కదలడం లేదు.

గురువు పేరు అంకయ్య. కాషాయం కట్టకముందు ఉప్పు మోసే తెరచాప పడవ మీద తండేలు, అంటే పడవ నడిపించే పెద్ద. ఊళ్ళోవాళ్ళు ఇప్పటికీ తండేలు సామి అనే పిలుస్తారు. ఆయన మఠం అంటే పెద్దదేమీ కాదు. సముద్రపు ఒడ్డున ఇసుకదిబ్బ మీద ఇటుకా సున్నంతో కట్టిన ఒక్క పొడుగాటి గది. ఉత్తరానికి ఒక తలుపు, దక్షిణానికి ఒక తలుపు. ఉత్తరపు తలుపు తీస్తే పొలాలు. దక్షిణపు తలుపు తీస్తే సముద్రం. దిబ్బ కింద చేపలు పట్టుకునేవాళ్ళ గుడిసెలు నలభై దాకా ఉంటాయి.

గురువుకి ఎలా తెలిసిందంటారా? ఆయన అలల్ని లెక్కపెట్టాడు. మామూలుగా ఒక అల విరిగాక ఆరేడు అంకెలు లెక్కపెట్టేలోపు రెండోది వస్తుంది. ఆ రోజు పదిహేను దాకా రావడం లేదు. వచ్చినప్పుడు మాత్రం తాపీగా, బరువుగా, నున్నగా వస్తోంది. ఒడ్డున గాలే లేదు. కనబడనంత దూరంలో ఏదో సముద్రాన్ని కదుపుతోందన్నమాట.

మర్నాడు తెల్లవారేసరికి గాలి మొదలైంది. ఉత్తరం నుంచి. దానికి వాన తోడైంది. పొద్దెక్కేకొద్దీ గుడిసెల కప్పులు విస్తరాకుల్లా లేచిపోయాయి. జనం పిల్లల్ని చంకన వేసుకుని దిబ్బ ఎక్కారు. గదిలో నిండిపోయారు. గురువు ఉత్తరపు తలుపుకి అడ్డంగా తాటిదూలం పెట్టించాడు. ఉన్నది ఆ ఒక్క దూలమే. గాలి తలుపుని తోసినప్పుడల్లా దూలం మూలిగేది. మనిషి మూలిగినట్టే ఉండేది. పిల్లలు ఏడవడం కూడా మానేశారు.

నాంచారమ్మ అని ఒక ముసలామె. ముప్పై ఏళ్ళ కిందట ఆమె మొగుడు వేటకి వెళ్ళి తిరిగి రాలేదు. ఉన్నది ఒక్క కొడుకు, ఏడుకొండలు. ఆమె శయనం దగ్గరకి జరిగింది.

"సామీ, ఎనిమిదేళ్ళ నుంచి గాలి బిగబడతన్నావంట కదా. ఇయ్యాల కాకపోతే ఎప్పుడు? ఏదన్నా చెయ్యి."

శయనం గురువు వంక చూశాడు. గురువు ఒక పసిపిల్ల చెవిలో పడ్డ ఇసుక తీస్తున్నాడు. ఇటు చూడలేదు.

శయనం ఉత్తరపు తలుపు ముందు పద్మాసనం వేశాడు. ఊపిరి లోపలికి తీసుకుని బిగించాడు. మనసులో మంత్రం తిప్పాడు. బయట గాలి అరుస్తోంది. వదిలాడు, మళ్ళీ బిగించాడు. అలా ఎంతసేపు చేశాడో అతనికే తెలియదు. కళ్ళు మూతలు పడ్డాయి. చెవుల్లో నీళ్ళు పోయినట్టు ఏదో అదిమింది.

గాలి ఆగిపోయింది.

తగ్గడం కాదు. ఆగిపోయింది. అరుస్తున్న మనిషి నోరు ఎవరో మూసేసినట్టు.

గదిలో ఎవరూ కదల్లేదు. ఎవరి గుండె చప్పుడు వారికి వినబడింది. కాసేపటికి ఏడుకొండలు దక్షిణపు తలుపు కొంచెం తెరిచాడు. పసుపురంగు వెలుతురు నేల మీద పడింది.

ఒక్కొక్కరుగా అందరూ అరుగు మీదకి వచ్చారు, శయనం కూడా. బయట ఎండ కాస్తోంది. నడినెత్తిన బావిమూతి అంత గుండ్రంగా నీలం ఆకాశం. దాని చుట్టూ తెల్లటి మబ్బుగోడ, నేల నుంచి పైదాకా, ఎక్కడా తెగకుండా ఉంది. ఆ వెలుతుర్లో పక్షులు దిగుతున్నాయి. నల్లటివి, కత్తెరలాంటి తోకలవి, ఆ ఊళ్ళో ఎవరూ ఎన్నడూ చూడనివి. అరుగు మీద, తడిసిన బట్టల మూటల మీద, మనుషుల మోకాళ్ళ పక్కన వాలుతున్నాయి. ముక్కులు తెరుచుకుని ఉన్నాయి. ఒక్కటీ కూయలేదు. చేత్తో తాకినా బెదరలేదు.

వాటిలో ఒకటి వచ్చి శయనం భుజం మీద కూర్చుంది.

నాంచారమ్మ అది చూసింది. నేల మీద సాష్టాంగపడింది. ఆమె వెనకే అందరూ. "ఆపినావు సామీ, గాలిని ఆపినావు!" శయనం కళ్ళల్లోంచి నీళ్ళు ధారగా కారాయి. పక్షి గోళ్ళు భుజంలోకి దిగుతున్నాయి. అతనికి నొప్పి తెలియలేదు.

"ఎవరూ దిబ్బ దిగొద్దు" అన్నాడు గురువు. గట్టిగానే అన్నాడు. "ఇంకా అవలేదు. దిగొద్దు."

ఎవరు వింటారు? అప్పటికే ముందున్నవాళ్ళు సముద్రం వైపు చూస్తూ కొయ్యబారిపోయారు.

సముద్రం అక్కడ లేదు. ఉత్తరపు గాలి పొద్దుటి నుంచి నీటిని ఒడ్డు నుంచి నడిసముద్రం వైపు నెట్టుకుంటూ పోయింది. ఎప్పుడూ నీళ్ళుండేచోట నల్లటి బురద మెరుస్తోంది. కట్టేసిన పడవలు ఆ బురదలో పక్కకి ఒరిగి కూర్చున్నాయి. వాటికి ఇంకా అవతల, ఏ మనిషీ నడవని నేల మీద, ఒక పాత పడవ పక్కటెముకలు పైకి లేచి ఉన్నాయి.

ఏడుకొండలు చెయ్యి అడ్డం పెట్టుకుని చూశాడు. "అమ్మా, ఆ పడవ ముందు కొమ్ము చూడు. వంకర తిరిగిన కొమ్ము. అది నాయన పడవ కాదూ?"

నాంచారమ్మ కళ్ళు చికిలించి చూసింది. తల ఊపింది.

"ఎల్దాం పదండి, పడవలు పైకి లాక్కుందాం!" అంటూ మగవాళ్ళు దిబ్బ దిగారు. వెనక ఆడవాళ్ళు, పిల్లలు. పక్షులు వాళ్ళకి దారి కూడా ఇవ్వలేదు. వాళ్ళే వాటిని దాటుకుంటూ వెళ్ళారు. నాంచారమ్మ కూడా కర్ర పట్టుకుని వెళ్ళింది.

గది ఖాళీ అయింది. లోపల ఏదో ఈడ్చిన చప్పుడు వినబడి శయనం తిరిగి చూశాడు. గురువు ఉత్తరపు తలుపు నుంచి దూలం తీసేసి, ఒక్కడే దాన్ని దక్షిణపు తలుపు వైపు లాగుతున్నాడు.

"గురువుగారూ, గాలి ఆగింది. నేను ఆపాను."

"మంచిది. ఆ చివర పట్టుకో."

"ఇటెందుకండీ? గాలి ఉత్తరం నుంచి కదా వచ్చింది?"

"అది వచ్చిన గాలి."

ఇక్కడ కాస్త నిదానంగా చెప్పుకోవాలి. ఒక గంగాళంలో నీళ్ళు పోసి చేత్తో గిరగిరా తిప్పండి. పైన గుప్పెడు పొట్టు చల్లండి. అంచున పొట్టు పరుగులు తీస్తుంది. నడిమధ్యన పడ్డది దాదాపు ఉన్నచోటే ఉంటుంది. తుఫాను కూడా అంతే. కాకపోతే అది తిరుగుతూనే నడుస్తుంది కూడా. ముందు ఒక అంచు మన మీదుగా పోతుంది. తర్వాత ఆ నిలకడైన నడుమ. ఆ తర్వాత రెండో అంచు. గంగాళంలో ఎదురెదురు అంచుల్లో నీళ్ళు ఎదురెదురు దిక్కులకి పోవడం చూశారు కదా. అలాగే మొదట ఉత్తరం నుంచి కొట్టిన గాలి, తర్వాత దక్షిణం నుంచి కొడుతుంది. దక్షిణాన ఉన్నది సముద్రం.

గురువు ఇవేవీ చెప్పలేదు. శయనం భుజం మీది పక్షిని రెండు చేతులతో తీసి మూలన ఉన్న బుట్టలో పెట్టాడు. తర్వాత దక్షిణపు తలుపు మూశాడు. శయనం మణికట్టు పట్టుకుని, అరచేతిని తలుపు చెక్కకి ఆనించాడు.

చెవికి ఏ చప్పుడూ లేదు. కానీ చెక్క వణుకుతోంది. సన్నగా, ఆగకుండా, భయపడ్డ ఆవు డొక్కలా వణుకుతోంది. ఆ వణుకు అరచేతి లోంచి మోచేతికి ఎక్కింది. మోచేతి లోంచి పళ్ళ దాకా ఎక్కింది.

శయనం చెయ్యి లాగేసుకున్నాడు.

"వాళ్ళు ఇవాళ నా మాట వినరు" అన్నాడు గురువు. "నీ మాట వింటారు. పో."

శయనం దిబ్బ దిగి బురదలో పడ్డాడు. "వెనక్కి రండి! గాలి మళ్ళీ వస్తోంది! వచ్చేయండి!"

మగవాళ్ళు తాళ్ళు భుజాన వేసుకుని నవ్వారు. "వస్తే రానీ సామీ. మళ్ళీ ఆపుతావుగా!"

అతను నిలబడిపోయాడు.

"నేను ఆపలేదు" అన్నాడు.

"పెద్దోళ్ళు అట్టానే అంటారు!" అంది ఒకామె.

"నేను ఆపలేదమ్మా! నాకేమీ రాదు. ఎనిమిదేళ్ళయినా ఏమీ రాలేదు. అది దానంతటదే ఆగింది!"

వాళ్ళు ఇంకా భక్తిగా చూశారు. ఒకడు చేతులు జోడించాడు. దూరంగా ఏడుకొండలు పాత పడవ దాకా వెళ్ళిపోయాడు. వంకర కొమ్ముని చేత్తో తడుముతున్నాడు. వాడి వెనక మబ్బుగోడ దగ్గరకి వచ్చేసింది. ఆ గోడ అడుగున తెల్లగా ఒక గీత. ఆ గీత కదులుతోంది.

శయనం ఆ గీతని చూశాడు. పంచె పైకి ఎగగట్టాడు. వెనక్కి తిరిగి పరిగెత్తాడు. మనుషులకి చెప్పడానికి కాదు, పిలవడానికి కాదు. ఒక్క భయంతోనే పరిగెత్తాడు. బురదలో బోర్లాపడ్డాడు. లేచాడు. కీచుమని అరుస్తూ మళ్ళీ పరిగెత్తాడు.

నాంచారమ్మ అతని ముఖం చూసింది.

"లెగండర్రా!" అని అరిచింది. "పరిగెత్తండి! ఈయనా మనలాంటోడే!"

అప్పుడు కదిలారు. తాళ్ళు వదిలేశారు. పిల్లల్ని రెక్కలు పట్టి లాక్కుంటూ దిబ్బ ఎక్కారు. ఉత్తరపు తలుపు లోంచి ఒకరి మీద ఒకరు పడుతూ లోపలికి వచ్చారు. నాంచారమ్మని ఇద్దరు మోసుకొచ్చారు. ఆమె వెనక్కి తిరిగి కొడుకుని పిలుస్తూనే ఉంది.

దూలం దక్షిణపు తలుపుకి బిగిసిన మరుక్షణం గాలి వచ్చి కొట్టింది. ఈసారి దానిలో సముద్రపు నీళ్ళున్నాయి. గోడ అవతల ఏదో పెద్ద శరీరం ఒరుసుకుంటూ పోతున్నట్టుంది. తలుపు కింది సందులోంచి ఉప్పునీరు లోపలికి పాకింది. బుట్టలోని పక్షి తల రెక్కల్లో దాచుకుంది.

తలలు లెక్కపెట్టారు. ఒకటి తక్కువ.

నాంచారమ్మ నీళ్ళలోనే కూర్చుని శయనం కాళ్ళు పట్టుకుంది.

"ఇందాక నువ్వు కాదన్నావు" అంది. "ఇప్పుడు నువ్వేనని చెప్పు సామీ. నువ్వేనని చెప్పి ఆపు."

శయనం ఆమె ఎదురుగా నీళ్ళలో కూలబడ్డాడు. నోరు తెరిచాడు. మంత్రం నాలుక మీదే ఉంది. ఆమె కోసమైనా చదివితే బావుండుననిపించింది. ఆమె కాసేపు నమ్ముతుంది కదా అనిపించింది.

"నాకు రాదమ్మా" అన్నాడు.

ఆమె అతని కాళ్ళు వదిలేసింది.

తలుపు ఒకవైపు ఉబ్బింది. "భుజాలు ఆనించండి" అన్నాడు గురువు. శయనం లేచి వెళ్ళి వీపు ఆనించాడు. కాసేపటికి అతని పక్కన ఇంకో భుజం ఆనింది. చిన్నది, ఎముకలు తగిలే భుజం. అతను తల తిప్పి చూడలేదు.

గాలి సాయంత్రానికి తగ్గింది. ఒక్కసారిగా కాదు, అరిచి అరిచి అలిసిపోయినట్టు కొద్దికొద్దిగా.

మూడో రోజున ఏడుకొండలు మడచెట్ల వేళ్ళలో దొరికాడు. పాత పడవ జాడ మళ్ళీ ఎవరికీ కనబడలేదు. సముద్రం తన చోటికి వచ్చేసింది.

కర్మ అయిపోయాక శయనం తన చెంబూ గావంచా మూట కట్టుకుని గురువు ముందు నిలబడ్డాడు.

"నేను వెళ్ళిపోతానండి. ఆమె ఎదురుపడితే తల ఎత్తలేకపోతున్నాను."

గురువు బురద పట్టిన చాపలు ఎండలో ఆరేస్తున్నాడు.

"వెళ్దువుగాని. నాంచారమ్మ గుడిసె లేచిపోయింది. అది కట్టేసి వెళ్ళు."

శయనం మూట అరుగు మీద పెట్టాడు. నాలుగు మెట్లు దిగాడో లేదో, వెనకనుంచి మాట వినబడింది.

"కప్పు తాళ్ళు రెండు వైపులా కట్టరా."