వరాలమ్మ ఉప్పునీళ్ళ చేప

అనగనగా ఒక రేవూళ్ళో, ఆడపిల్లల హాస్టల్లో వంట చేసే వరాలమ్మ అని ఒకావిడ ఉండేది. అరవైమందికి వండేది, అరవైమందికీ తనే వడ్డించేది. "చాలు పిన్నీ" అంటే వినేది కాదు. ఇంకో గరిటె వేసేదాకా కదిలేది కాదు. నవ్వకు చిట్టితల్లీ, నేనూ అంతే.

ఆ తర్వాత ఆ హాస్టల్ మూసేశారు. పిల్లలు తలో దారిన వెళ్ళిపోయారు. గిన్నెలు ఒకరు, బల్లలు ఒకరు పట్టుకుపోయారు. ముందుగదిలో ఉన్న ఉప్పునీళ్ళ గాజుతొట్టి మాత్రం ఎవరికీ అక్కర్లేకపోయింది. అందులో ఒకే ఒక్క చేప. నారింజరంగు ఒంటిమీద తెల్ల చారలు. దీన్ని కూడా వదిలేసి పోయారే అనుకుంది వరాలమ్మ. తొట్టితో సహా రిక్షాలో పెట్టుకుని తన ఒంటిగదికి తెచ్చుకుంది.

తొట్టిని ఎలా చూసుకోవాలో ఆవిడకేం తెలుసు? చూసుకోవడమంటే ఆవిడకి తెలిసింది ఒక్కటే, పెట్టడం. పొద్దున గుప్పెడు మేత, మధ్యాహ్నం గుప్పెడు, సాయంత్రం ఇంకో గుప్పెడు. "తిను తల్లీ, ఇంకొంచెం తిను" అనేది. ఆ గదిలో ఆవిడ మాటకి బదులు పలికేవాళ్ళు లేరు. చేప అద్దం దగ్గరికొచ్చి నోరు తెరిచి మూస్తే, అదే పలకరింపు అనుకునేది.

అప్పుడేమయింది? చేప రంగు మాసింది. రాతిచాటుకి పోయి ఇవతలికి రావడం మానేసింది. ఆకలేమోనని వరాలమ్మ ఇంకాస్త మేత వేసింది. అదంతా అడుగున పడి కుళ్ళింది.

ఆ తర్వాత నీళ్ళు ఇగిరిపోయాయని చెంబుతో పోసింది, పులుసు చిక్కబడితే పోసినట్టు. అప్పుడూ చేప రాలేదు.

ఆ తర్వాత కొంగు బిగించింది. నీళ్ళన్నీ పారబోసి, తొట్టిని చింతపండుతో తళతళా తోమేద్దామని. అంతసేపూ చేపని ఉంచడానికి సంచీ అడుగుదామని రంగుచేపల దుకాణానికి వెళ్ళింది. ఆ దుకాణం నూకరత్నానిది. సంగతి వినగానే ఆమె గుండె మీద చెయ్యేసుకుంది.

"తోమేత్తావా వరాలప్పా! నీళ్ళన్నీ ఒక్కపాలి మార్చేత్తే అది తట్టుకోలేదు, సచ్చిపోద్ది!"

దుకాణానికి తాళమేసి వెంట వచ్చింది. తొట్టిలో నీళ్ళు కాసిని గాజుగొట్టంలో పట్టి, మందు చుక్కలు వేసింది. నీళ్ళు ఎర్రగా మారిపోయాయి.

"ఇది నైట్రేటనే ఇసం అప్పా, ఎంత ఎరుపైతే అంత ఎక్కువ. మిగిలిన మేతా, చేప పెంటా కుళ్ళి ఇలాగవుద్ది. కంటికి కనపడదు. పైన నీళ్ళు పోసినా పోదు, పాతనీళ్ళు తీత్తేనే పోద్ది. రోజుకి ఏటి పెడతన్నావు?"

"మూడుపూటలా కడుపునిండా పెడుతున్నానే."

"దాని కడుపు దాని కన్నంత ఉంటాదప్పా!"

వరాలమ్మ నేలమీద కూలబడిపోయింది. "నా చేత్తో నేనే చంపుకుంటున్నానా? ఇది కూడా పోతే నేనెవరితో మాట్లాడాలే రత్నం?" అని బావురుమంది.

అప్పుడు నూకరత్నం పక్కన కూర్చుని దారి చెప్పింది. రోజుకి ఒక్క చిటికెడే మేత. వారానికోసారి పావువంతు నీళ్ళు తీసి, అంతే ఉప్పదనం, అంతే వెచ్చదనం ఉన్న కొత్త నీళ్ళు పొయ్యాలి. కూరలో వేసే ఉప్పు కాదు, దుకాణంలో తొట్ల కోసం అమ్మే ఉప్పు కలపాలి. తొట్టిలో మురికి పట్టే స్పాంజిని, బయటికి తీసిన ఆ పాతనీళ్ళలోనే పిండాలి.

మొదటివారం వరాలమ్మ పావువంతు నీళ్ళు మార్చింది. నూకరత్నం ఇచ్చిన మందు వేసి చూస్తే, గొట్టంలో నీళ్ళు ఇంకా ఎర్రగానే ఉన్నాయి. చిటికెడు వేసి డబ్బా మూత పెట్టేస్తే, ఆ రోజంతా ఆవిడ చేతులకి పనేలేదు. పెట్టడానికి ఎవరూ లేని చేతులు ఎంత బరువో నీకు తెలీదులే చిట్టితల్లీ. మళ్ళీ డబ్బా తీస్తానేమోనని గోడవైపు తిరిగి కూర్చునేది.

రెండోవారం నీళ్ళు నారింజరంగుకి దిగాయి. చేప రాతిచాటునుంచి తొంగిచూసి మళ్ళీ దాక్కుంది.

మూడోవారం గొట్టంలో నీళ్ళు పలచటి పసుపు. బిందె దించి, అలిసిపోయి, తడిచెయ్యి అద్దానికి ఆన్చి నిలబడింది. అప్పుడు చేప తోక ఊపుకుంటూ వచ్చింది. సరిగ్గా ఆవిడ అరచేతికెదురుగా ఆగింది.

"నా చేతిలో ఏమీ లేదే పిచ్చిదానా, ఎందుకొచ్చావే?" అంది వరాలమ్మ.

చేప పోలేదు. మేత కోసమే వచ్చిందంటారు లోకులు. అననీ, వాళ్ళకేం తెలుసు! ఏమీ పెట్టకుండానే తన దగ్గరికి ఒకరు రావడం వరాలమ్మ జన్మలో అదే మొదటిసారి. కళ్ళు తుడుచుకోవాలన్నా చెయ్యి తియ్యబుద్ధి కాక, అలాగే నిలబడిపోయింది.

కథ పోయె కంచికి,
కెరటం పోయె ఒడ్డుకి,
చేప పోయె గూటికి,
చిట్టితల్లి పోయె నిదరకి.