వెల్లడిలక్ష్మి కరుణించిన విశాలాక్షి కథ

శ్రీ వెల్లడిలక్ష్మీదేవికి జయము. అక్షతలు కుడిచేత పట్టుకొని, ఫోనులు పీట కింద పెట్టి, వంటింటిలోని వారు కూడ పొయ్యి కట్టివేసి వచ్చి కూర్చుండి వినుడు.

గోదావరీ తీరమున తపము చేసికొనుచున్న నిర్మోహ మహర్షిని శంకితముని దర్శించి, నమస్కరించి యిట్లడిగెను. "స్వామీ, ఈ కాలమున జనులు ఇల్లు కదలకుండగనే ఫోనులో పచ్చళ్లమ్మి, పాఠములు చెప్పి, పాటలు పాడి నాలుగు రూకలు గడించుచున్నారు. గడించియు ఆ మాటెత్తినచో ఉలిక్కిపడుచున్నారు. సిరి వచ్చిన ఇంటికి ధైర్యము రాకుండుటకు కారణమేమి? దీనికి తరుణోపాయమేమి?" మహర్షి చిరునవ్వు నవ్వి, ఇందులకు వెల్లడిలక్ష్మీ వ్రతము కలదనియు, దానిని ఆచరించి తలెత్తుకొని తిరిగిన యొక ఇల్లాలి కథ చెప్పెదననియు పలికి, ఇట్లు చెప్పసాగెను.

సామర్లకోటలో రైలుగేటు అవతల గవర్రాజను లారీ ఆఫీసు గుమాస్తా కలడు. అతని భార్య విశాలాక్షి కుట్టుపనిలో చేయి తిరిగినది. ఆమె కత్తిరించిన జాకెట్టుకు చంక కింద ముడత పడుట ఎవరును చూచి యెరుగరు. ఒకనాడు ఆమె వంట ముగించుకొని, కుండమెడ జాకెట్టు కత్తిరించు విధమును ఫోనులో తీసి లోకమునకు చూపెను. లోకము చూచెను. చూచినవారు మరి నలుగురికి చెప్పిరి. పాఠములు చెప్పుమని కొందరు, కొలతలకు కోసిన కాగితపు నమూనాలు పంపుమని కొందరు ఊరూరి నుండి అడిగిరి. ప్రకటనల సొమ్ము, పాఠముల సొమ్ము, నమూనాల సొమ్ము నెలనెలా వచ్చి పడసాగెను.

విశాలాక్షి పొంగిపోయెను. అత్తగారు మాణిక్యమ్మ మాత్రము హడలిపోయెను. ఆమె మంచి మనిషియే గాని దిష్టి యనిన చాలును, కాళ్లు చల్లబడును. నిండుగా నున్న బియ్యపు డబ్బా మూత పరులయెదుట తీయనీయదు. ఆమె వీధితలుపు వేసి వచ్చి, ఎంత వచ్చుచున్నదో నోటితో అనవద్దనియు, కోడలి పేరున వచ్చినచో ఊరి కళ్లన్నియు కోడలిమీదనే పడుననియు, తన పింఛను పడు ఖాతాలో వేయించినచో ముసలిదాని వంక ఎవరును చూడరనియు చెప్పెను. తల్లి మాటకు అడ్డు చెప్పి యెరుగని గవర్రాజు తలయూపెను. అట్లే చేసిరి.

ఆదాయమెంతని ఎవరైన అడిగినచో విశాలాక్షి, "ఏదో ఊసుపోక చేస్తున్నానండీ, దారం ఖర్చులు కూడా రావు" అని చెప్పుచుండెను. అట్లు చెప్పినప్పుడెల్ల ఆమె మనసు చివుక్కుమనుచుండెను.

వెల్లడిలక్ష్మి ఆ మాట విని చిన్నబుచ్చుకొనెను. తాను నట్టింట కూర్చుండియుండగా ఇంటిలో ఎవరును లేరని చెప్పువారికడ ఎట్లుండవలెనని తలచెను. అంతట మాణిక్యమ్మ పింఛను ఆగిపోయెను. ఖాతాలో అంతేసి సొమ్ము పడుచున్న మనిషికి పింఛనెందుకని పైవారు అడిగిరి. విచారణకు మనిషి వచ్చునని చెప్పిరి. సొమ్ము తనది కాదందమన్న కోడలి సంగతి బయటపడును, తనదే యందమన్న పింఛను పోవును. ఇంటిలో ఒకరి ముఖము ఒకరు చూచుకొనుట మానివేసిరి.

అది ఆషాఢమాసము. ఒక పెద్ద ముత్తయిదువ పసుపు పాదములతో వచ్చి, జాకెట్టుకు కొలత తీయుమనెను. విశాలాక్షి టేపు చుట్టి, అందరు ఆడువారివలె ఈమెయు సిగ్గుపడునేమోయని నడుము కొలతను లోగొంతుకతో చెప్పెను. ముత్తయిదువ నవ్వెను.

"గట్టిగానే చెప్పమ్మా, నా నడుమే గదా. నీ దగ్గరికొచ్చి కొలత తగ్గించి చెప్పే ఆడాళ్లున్నారా?"

"ఎందుకు లేరు పిన్నిగారూ! చెప్పేటప్పుడు తగ్గించి చెప్తారు, తర్వాత హుక్కులు పట్టట్లేదని నా మీదే ఎగురుతారు."

"మరి నువ్వు సర్కారుకి చెప్పే కొలత మాటేమిటి?"

విశాలాక్షి చేతిలోని టేపు జారిపోయెను. అంతట ఆ ముత్తయిదువ ఆమెను కూర్చుండబెట్టి వ్రతవిధానము చెప్పెను. ముహూర్తములు లేక చేతులు ఖాళీగా నుండు ఆషాఢమున, సర్కారు పెట్టిన గడువు దాటకుండ ఈ వ్రతము చేయవలెననెను. తన కష్టపు సొమ్మును తన పేర, తన ఖాతాలోనే పడనీయవలెననెను. ఏడాది పొడుగునను వచ్చినదంతయు చూపి, దారము, లైనింగు, కరెంటు, ఫోను ఖర్చులు ఉన్నవి ఉన్నట్లు చూపి, తెలిసిన ఆడిటరు చేత ఆదాయపుపన్ను లెక్క దాఖలు చేయించవలెననెను. పన్ను పడినచో కట్టవలెను, పడకున్నను చెప్పుట మానరాదు. పిమ్మట ఫోనుకు వచ్చు అంకెలు వేసి ధ్రువీకరించినగాని వ్రతము పూర్తి కాదనెను. ఇట్లు చెప్పి ఆమె గుమ్మము దాటెను. విశాలాక్షి వెంటనే వెళ్లి చూడగా వీధిలో ఎవరును లేరు.

విశాలాక్షి తప్పక చేసెదనని మొక్కుకొనెను. కాని శ్రావణపు పెళ్లిళ్లకు జాకెట్లు ముందుగనే వచ్చి పడెను. మిషను మీదనుండి లేచుటకు తీరిక లేకపోయెను. వచ్చే ఏడు చూద్దములే యని గవర్రాజనెను. మొక్కు అటకెక్కెను. మరుసటి ఆషాఢమును అట్లే గడచెను.

అమ్మవారు మరల అలిగెను. ఆ యేడు బజారులో గాజుల దుకాణము పక్కగది అమ్మకమునకు వచ్చెను. ఆ గది మీద విశాలాక్షికి ఏనాటినుండియో కన్ను. అందులో మిషనులు వరుసగా వేసి, వీధి ఆడపిల్లలకు పని నేర్పి, గుమ్మము మీద తన పేర బోర్డు కట్టించవలెనని ఆమె కోరిక. ఆమె పేరున అంతవరకు కరెంటు మీటరైనను లేదు. అప్పు కొరకు బ్యాంకునకు పోగా, అచ్చటి మేనేజరమ్మ ఏమి పని చేయుదురని అడిగెను. అలవాటు చొప్పున విశాలాక్షి, "ఇంట్లోనే ఉంటానండీ" అనెను. ఆదాయము చూపుమనగా తడబడి అత్తగారి ఖాతా సంగతి చెప్పెను. మేనేజరమ్మ మంచిగానే, ఆ సొమ్ము మీదని మీరే ఎక్కడను చెప్పలేదు గదా, మేమెట్లు చెప్పుదుమని పంపివేసెను. గది యజమాని దసరా వరకు ఆగెదననియు, ఆ పైన కాకినాడ వ్యాపారికి ఇచ్చివేసెదననియు చెప్పెను.

విశాలాక్షి ఇంటికి వచ్చి కుమిలి కుమిలి ఏడ్చెను. ఇంత చాకిరి చేసియు లోకము కంటికి పనిలేని మనిషిగా మిగిలితినని దుఃఖించెను. అంతలో ముత్తయిదువ మాట జ్ఞప్తికి వచ్చెను. కళ్లు తుడుచుకొని, ఆడిటరు చిదంబరముగారి ఇంటికి బయలుదేరెను. మాణిక్యమ్మ గుమ్మమునకు అడ్డము నిలిచి, దిష్టి తగిలి కుప్పకూలిపోదువే యని బతిమాలెను.

"తగలనీండి అత్తయ్యగారూ. నా కష్టం నాదని నేను చెప్పుకోకపోతే, దిష్టి తగలడానికైనా నేనెక్కడున్నాను?"

మాణిక్యమ్మ పక్కకు తొలగెను.

విశాలాక్షి ఇకమీదట సొమ్ము తన ఖాతాలోనే పడునట్లు మార్పించుకొని, వెనుకటి ఏళ్ల రాబడి కూడ దాచక చెప్పెను. ఆలస్యమునకు అదనముగా కట్టవలసి వచ్చెను. గవర్రాజు గొణిగెను గాని ఆమె చెవిని పెట్టలేదు. పసుపు గణపతిని పూజించి, అమ్మవారికి పరమాన్నము నివేదించి, ఫోనుకు వచ్చిన అంకెలను వేసెను. దాఖలైనదను మాట పక్కన తన పూర్తి పేరు కనబడగా, ఆమె ఆ పేరును మరల మరల చదువుకొనెను.

అమ్మవారు ప్రసన్నురాలయ్యెను. బ్యాంకువారు అప్పు ఇచ్చిరి. దసరా రాకమునుపే గది విశాలాక్షి పేర రాయబడెను, బోర్డు లేచెను, మిషనులు కదిలెను. ఏడాది దాటినను రాని పింఛను విచారణ మనిషి ఆ దినములలోనే దుకాణము కడకు వచ్చెను. వీధి వీధంతయు వినుచుండగా మాణిక్యమ్మ గొంతెత్తి చెప్పెను.

"ఆ డబ్బు నా కోడలిది బాబూ. ఆ పిల్ల పన్ను కూడా కట్టింది, పోయి చూసుకో. నా పింఛను లేనివాళ్లకెవరికన్నా ఇచ్చెయ్. నాకు కోడలుంది."

లోపల కత్తెర పట్టుకొనియున్న విశాలాక్షి ఆ మాట విని, గుడ్డ కోయలేక, కొంగు కళ్లకు అద్దుకొనెను.

ఇట్లు నిర్మోహ మహర్షి చెప్పగా, శంకితముని లేచి, తన ఆశ్రమమున ఎవరికిని చెప్పక ఫోనులో జపమాలలమ్ముచున్న శిష్యుని చెవి మెలిపెట్టుటకు వడివడిగా పోయెను.

కావున ఫోనులో ఊరగాయలమ్మువారు, సాయంత్రములు ట్యూషను చెప్పు మాస్టర్లు, వంటలు చూపు ఇల్లాండ్రు, పాటలు పాడి పంపు కుర్రవారు, ఉద్యోగము చేయుచు పక్కపని పెట్టుకొన్నవారు ఈ వ్రతము తప్పక చేయవలెను. చేసినవారికి నోటీసు పేరు వినిన గుండె జారదు. బ్యాంకున కుర్చీ వేసి కూర్చుండబెట్టుదురు. గోతులు పడిన రోడ్డు చూచి, మా పన్ను ఏమైనదని గట్టిగా అడుగుటకు నోరు వచ్చును. స్త్రీలకు తమ కష్టము తమ పేర నిలుచును. చెప్పిన నోట తప్పున్నను, చూపిన లెక్కలో తప్పు లేకుండుగాక. అక్షతలు సగము అమ్మవారి మీద వేసి, తక్కిన సగము ఈ యింట సంపాదించు ఆడువారి తలపై వేయుడు.